షేవింగ్ రేజర్ బరువుకు నిజంగా పని ఉందా?

ఇత్తడిపిడి:
డబుల్ ఎడ్జ్ రేజర్ (రెండువైపులా అంచున్న పల్చటి బ్లేడు వేసుకునేది) కొత్తగా కొనేవాళ్లకు పాతవాళ్లు చెప్పే మాట ఒకటుంది: "బరువైనది తీసుకో, నువ్వు నొక్కకు, పని బరువే చూసుకుంటుంది." ఈమధ్య దీన్ని చాలామంది కొట్టిపారేస్తున్నారు. అది సరైన సలహానే అని నా వాదన. కార్ట్రిడ్జ్‌కి (బ్లేళ్లు బిగించి వచ్చే మార్చుకునే తలకి) అలవాటుపడ్డ చెయ్యి నొక్కకుండా ఉండలేదు. హెన్సన్ అల్యూమినియం రేజర్ 37 గ్రాములు. చేతిలో ఉన్నట్టే తెలియదు, దాంతో చెంపకు ఆనిందో లేదో అని ఇంకాస్త ఒత్తుతారు. మెర్కుర్ 34సీ సుమారు 77 గ్రాములు. రేజర్ తల, అంటే బ్లేడు ఉండే భాగం, చర్మానికి తగిలిన సంగతి వేళ్లకు వెంటనే తెలుస్తుంది. గరుకు గడ్డమైతే బరువైన రేజర్ తల వెంట్రుకలు తగిలినా తడబడకుండా ఒకే ఊపున సాగిపోతుంది.

నురగగిన్నె:
"బరువే పని చూసుకుంటుంది" అన్నచోటే పేచీ అండీ. నిలబడి గీసుకునేటప్పుడు చెంప నిలువుగా ఉంటుంది. భూమి రేజర్‌ని కిందికి లాగుతుంది, చెంపలోకి కాదు. పైనుంచి కిందికి గీస్తే బరువు ఆ దిశలో కాస్త సాయం చేస్తుంది. మెడ మీద కిందినుంచి పైకి గీసేటప్పుడు అదే బరువును మీ చెయ్యి మోయాలి. బరువు నేరుగా చర్మాన్ని అదిమేది గుండు గీసేటప్పుడు నడినెత్తి మీదే. ఎనభై గ్రాములంటే మొత్తం కలిపి 0.8 న్యూటన్ కూడా లేదు, వేళ్ల ఒత్తిడి దాన్ని తేలిగ్గా దాటేస్తుంది.

కోత ఎంత ఘాటుగా ఉంటుందో తేల్చేది తల కొలతలు: అంచు ఎంత బయటికి పొడుచుకొచ్చింది, గార్డుకూ (చర్మానికి ఆనే కింది అంచుకూ) బ్లేడుకూ మధ్య సందు ఎంత, బ్లేడును బిగించే పట్టు దాని అంచుకు ఎంత దగ్గరగా ఉంది. ఫెదర్ ఏఎస్-డీ2 సుమారు 90 గ్రాముల స్టెయిన్‌లెస్ స్టీలు. అయినా బాగా మెత్తగా గీసే రేజర్లలో అదొకటి. మీరన్న తడబాటుకు కూడా మందు బరువు కాదు. బ్లేడు మందం 0.1 మిల్లీమీటరే. పట్టు అంచుకు దూరంగా ఉంటే ఆ రేకు వంగి మళ్లీ పైకి లేస్తుంది, వణుకు అక్కడే పుడుతుంది. హెన్సన్ అంత తేలికైనా వణకదు, ఎందుకంటే బ్లేడును అంచు దగ్గరి వరకూ బిగించి పట్టుకుంటుంది.

పటికముక్క:
మీరిద్దరూ గ్రాములు లెక్కపెడుతున్నారు, ఆ గ్రాములు ఎక్కడున్నాయో చూడట్లేదు. బ్లేడు తీసేసి రేజర్‌ని చూపుడువేలి మీద అడ్డంగా నిలబెట్టండి. ఎక్కడ నిలుస్తుందో అదే తూకం. పార్కర్ 99ఆర్ లాంటి పొడుగు పిడి బటర్‌ఫ్లై రేజర్లలో (తల రెక్కల్లా తెరుచుకునేవి) అది తలకు బాగా దిగువన ఉంటుంది. అలాంటిదాన్ని తల దగ్గర పట్టుకుంటే తోక, అంటే పిడి చివర, వాలుతుంది.

వాలితే ఏమవుతుందో చూడండి. కిందికి గీసేటప్పుడు పిడి కిందివైపు ఉంటుంది. తోక వాలితే పిడి ముఖానికి దగ్గరవుతుంది, సుమారు 30 డిగ్రీలు ఉండాల్సిన బ్లేడు కోణం నిటారవుతుంది, అంచు చర్మాన్ని గోకుతుంది. పైకి గీసేటప్పుడు పిడి పైవైపు ఉంటుంది. ఇప్పుడు అదే వాలు పిడిని ముఖానికి దూరం చేస్తుంది, అంచు చర్మం వదిలి పైకి లేస్తుంది. వెంట్రుక తెగలేదని మనిషి నొక్కుతాడు, మెడ మీద ఎర్ర పొక్కులు అందుకే. మార్గం ఒక్కటే, వేళ్లను తూకం దగ్గరికి జరపడం. షేవ్ అయ్యాక తడి పటిక రుద్దండి. చెంపలు చల్లగా ఉండి మెడ ఒక్కటే మండితే, తప్పు మెడ మీద కోణంలోనో ఒత్తిడిలోనో ఉన్నట్టు.

నురగగిన్నె:
కోణం మాట ఒప్పుకుంటాను. అయితే ఇది తేల్చడం కష్టమేం కాదు. మ్యూలె ఆర్89 లాంటి మూడు ముక్కల రేజర్ (పై మూత, కింది పలక, పిడి విడిగా వచ్చేది) తల ఒకటి, దానికి ఒకే పొడవూ లావూ ఉన్న లోపల బోలు లేని రెండు పిడులు, ఒకటి అల్యూమినియం, ఒకటి ఇత్తడి. ఇత్తడి సాంద్రత మూడు రెట్లకు పైనే. కాబట్టి మారేది బరువూ, దాంతోపాటు తూకం. ప్రతిసారీ అదే రకం కొత్త బ్లేడు, అదే సబ్బు, పిడి మాత్రం షేవ్‌కి ఒకటి చొప్పున మార్చాలి. ఒక్క జాగ్రత్త: ఇప్పటి తలలకు ఎక్కువగా ఎం5 అనే మిల్లీమీటర్ల కొలత మర ఉంటుంది, పాత జిల్లెట్‌లది 10-32 అనే అంగుళాల కొలత. రెండూ కంటికి ఒకేలా ఉంటాయి. పాత పిడి ఎం5 తలకు ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. అక్కడితో ఆపేయాలి. బలవంతం చేస్తే జమాక్ (జింకు మిశ్రమలోహం) తల మర అరిగిపోతుంది, దాన్ని బాగుచేయడం కుదరదు.

ఇత్తడిపిడి:
పరీక్ష బాగుంది, కానీ రోజూ గీసే గడ్డం మీద చేస్తే తేడా కనబడదు, అప్పుడు మీ మాటే నెగ్గినట్టు అనిపిస్తుంది. మూడు రోజులు పెరిగిన గడ్డం మీద, గవద కింద, మొదటి విడతలోనే చూడాలి. తూకం గురించి పటికముక్క గారు చెప్పింది నిజమే. అందుకే బరువు పిడిలో కాదు, తలలో ఉండాలంటాను. మీ పరీక్షలో తల మారట్లేదు కాబట్టి నా ప్రశ్నకు అది సగం జవాబే. ఒకే కొలతల తలను అల్యూమినియంలోనూ స్టీల్లోనూ చేయించి, ఒకే పిడికి బిగించి చూడాలి.