‘తూర్పుకు ఒక్క అంగుళం కూడా జరగదు’: నాటో రష్యాకు ఇచ్చిన మాట తప్పిందా?

సీతానగరం:
1990 ఫిబ్రవరి 9న మాస్కోలో అమెరికా విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్, తమ సైనిక కూటమి నాటో పరిధి తూర్పుకు ఒక్క అంగుళం కూడా జరగదని సోవియట్ నాయకుడు గోర్బచేవ్‌తో అన్నాడు. జర్మనీ ఏకీకరణకు సోవియట్ సమ్మతి ఆ తరువాతే లభించింది. 1999లో పోలండ్, హంగరీ, చెక్ రిపబ్లిక్, 2004లో మరో ఏడు దేశాలు నాటోలో చేరాయి. మాట తప్పినవారే రష్యాకు ఒప్పందాల విలువ బోధించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

పత్రసాక్షి:
ఆ మాట ఏ ఒప్పందంలో ఉందో చూపండి. 1990 సెప్టెంబరు 12న మాస్కోలో సంతకాలైన జర్మనీ ఒప్పందం, పూర్వపు తూర్పు జర్మనీ నేలపై విదేశీ సేనలను, అణ్వాయుధాలను ఉంచరాదని చెబుతుంది. పోలండ్ నాటోలో చేరడం ఊసే అందులో లేదు. నాటో విస్తరణ ఆనాడు చర్చకే రాలేదని గోర్బచేవ్ 2014లో స్వయంగా చెప్పాడు.

సీతానగరం:
అదే ముఖాముఖిలో, ఆ విస్తరణ 1990 నాటి హామీల స్ఫూర్తికి విరుద్ధమని కూడా ఆయన అన్నాడు. ఆ సగం మీరు వదిలేశారు. మా నాన్నగారు రోడ్డు వైపు పొలం అమ్మినప్పుడు, వెనుక మిగిలిన ఎకరంన్నరకు బండిదారి వదులుతానని కొన్నాయన పదిమంది పెద్దల ముందు మాట ఇచ్చాడు. దస్తావేజులో రాయించుకోలేదు. రెండేళ్లకు ఆయన కంచె వేశాడు, మేము కోర్టులో ఓడిపోయాము. రాయనంత మాత్రాన ఆ మాట అబద్ధమైపోతుందా?

ములుగు పాఠకుడు:
గట్టు తగాదాతో దేశాల కూటములకు పోలిక కుదరదండీ.

పత్రసాక్షి:
మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే. కానీ రాయని మాట కోసం ఇంత బాధపడే మీరు, రాసి సంతకం పెట్టిన మాట గురించి ఒక్క వాక్యమైనా ఎందుకు రాయరు? 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో, ఉక్రెయిన్ తన నేలపై ఉన్న అణ్వాయుధాలను వదులుకుంటున్నందుకు, దాని సరిహద్దులను గౌరవిస్తామని రష్యా, అమెరికా, బ్రిటన్ సంతకం చేశాయి. 2014లో ఉక్రెయిన్ భూభాగమైన క్రిమియాను కలుపుకున్నది ఎవరు?

సీతానగరం:
మీకు దస్తావేజు తప్ప చరిత్ర కనబడదు. 1999 మార్చి 12న మూడు దేశాలు చేరాయి. పన్నెండు రోజులకే, భద్రతా మండలి అనుమతి లేకుండా నాటో యుగోస్లావియాపై బాంబులు వేయడం మొదలుపెట్టి, 78 రోజులు కొనసాగించింది. ఆత్మరక్షణ కూటమి అన్న మాటను మాస్కో ఆ తరువాత ఎలా నమ్మాలి? 2008 ఏప్రిల్‌లో బుకారెస్ట్‌లో, ఉక్రెయిన్, జార్జియా సభ్యులవుతాయని నాటో ప్రకటించి, ఎప్పుడన్నది మాత్రం చెప్పలేదు. రక్షణ ఇవ్వకుండా ఆశ మాత్రం పెట్టారు.

పాత విద్యార్థిని:
2022 ఫిబ్రవరిలో నేను ఉక్రెయిన్ నగరం ఖార్కివ్‌లో వైద్యవిద్య నాలుగో ఏడు చదువుతున్నాను. రష్యా దాడి మొదలయ్యాక మెట్రో స్టేషనులో ఆరు రాత్రులు గడిపాము. మాకు రొట్టెలు తెచ్చి ఇచ్చిన వసతిగృహ పర్యవేక్షకురాలు రష్యన్ భాషలోనే మాట్లాడేది. బేకర్ ఏమన్నాడో ఆమెకు తెలియదు. ఆమె ఏ కూటమిలో ఉండాలనుకున్నదో మీరిద్దరూ ఇంతవరకు అడగలేదు.

పత్రసాక్షి:
ఈ అమ్మాయి అన్నదే అసలు విషయం, నేనే పత్రాల్లో చిక్కుకుపోయాను. 1956లో హంగరీలోని బుడాపెస్ట్, 1968లో చెకోస్లోవేకియాలోని ప్రాగ్ వీధుల్లోకి సోవియట్ ట్యాంకులు వచ్చాయి. అందుకే తరువాత ఆ దేశాలు నాటో తలుపు తట్టాయి. సీతానగరం గారూ, మీరు రష్యా భయాన్ని లెక్కించినట్లు వాళ్ల భయాన్ని ఎందుకు లెక్కించరు?

సీతానగరం:
వాళ్ల భయం నిజమే, ఒప్పుకుంటాను. ఖార్కివ్‌పై పడిన బాంబులను నేను సమర్థించను. కానీ సోవియట్ యూనియనే నాటోలో చేరితే ఎలా ఉంటుందని గోర్బచేవ్ 1990 మేలో బేకర్‌ను అడిగాడు. అందరూ లోపల కూర్చుంటే రష్యాకు మిగిలిన చోటేది?

పత్రసాక్షి:
2002లో రోమ్‌లో నాటో, రష్యా మండలి ఏర్పడింది. రష్యా అందులో సమాన హోదాతో కూర్చుంది.

సీతానగరం:
కూర్చోబెట్టారు, విస్తరణపై వీటో ఇవ్వలేదు.

పత్రసాక్షి:
పోలండ్ ఎవరితో చేరాలన్న విషయంలో మాస్కోకు వీటో ఉండాలని మీరంటున్నారు. నేను ఒప్పుకోలేనిది అదొక్కటే.