ఫుట్‌బాల్ డబ్బు ప్రవాహంలో కాలేజీ ఈత జట్లు నిలుస్తాయా?

నమస్కారం. మేము కాలిఫోర్నియాలో ఉంటాం. మా అమ్మాయి పదకొండో తరగతి చదువుతోంది. కాలేజీ ఈత జట్టులో చేరాలని దాని పట్టుదల. అమెరికా కాలేజీ క్రీడల లోగుట్టు తెలిసినవారు దయచేసి దారి చూపండి.

పెద్ద విశ్వవిద్యాలయాల్లో చాలావరకు ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్, సాకర్ కాదు) ఆదాయమే మిగతా ఆటలను పోషిస్తోంది. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరుప్రతిష్ఠలతో ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయమే క్రీడాకారులకు నేరుగా చెల్లించవచ్చు. మొదటి ఏడాది పరిమితి ఒక్కో విశ్వవిద్యాలయానికి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఒళ్లు హూనం చేసుకుని ఆడే కుర్రాళ్లకు వాటా దక్కడం న్యాయమే, అందులో రెండో మాట లేదు. ఆ సొమ్ము ఎవరి పళ్లెంలోంచి తీస్తారన్నదే నా దిగులు. ఇప్పటికే 2024లో మా కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్, బర్కిలీ విశ్వవిద్యాలయాలు దేశానికి అవతలి ఒడ్డున ఉన్న అట్లాంటిక్ తీరపు కాన్ఫరెన్స్‌లో (తమలో తాము పోటీపడే విశ్వవిద్యాలయాల కూటమిలో) చేరాయి. దీని వెనుక ఉన్నది ఫుట్‌బాల్ ప్రసార హక్కుల లెక్కే. ఈతగాళ్ల గోడు ఎవరికి పట్టింది?

ఈ మధ్య ఒక కోచ్ పంపిన జవాబులో రెండే వాక్యాలున్నాయి: జట్టులో ఎందరికి చోటుంటుందో ఇంకా తేలలేదు, వసంతంలో మళ్లీ రాయండి.

జట్టు భవిష్యత్తు పసిగట్టాలంటే కోచ్‌ను ఏమేమి అడగాలి? మధ్యలో జట్టును రద్దు చేస్తే స్కాలర్‌షిప్ కొనసాగుతుందా? కాలేజీ క్రీడల మూడు అంచెల్లో చివరిదైన, ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వని మూడో డివిజన్ కాలేజీలే మేలా? ఈ మధ్యే పిల్లలను చేర్పించినవారు మీ అనుభవం చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.