00, 11 సగం సగం వచ్చాయి: ఎంటాంగిల్ అయినట్టేనా?

సర్క్యూట్_సూరి: రెండు క్యూబిట్ల (క్వాంటం కంప్యూటర్ బిట్ల) మీద ఒక హడమార్డ్ గేటు (0, 1 సగం సగం కలిసిన స్థితి చేసేది), ఒక సీనాట్ గేటు (కంట్రోల్ 1 అయితే రెండోదాన్ని తిప్పేది), 4000 షాట్లు (అదే ప్రయోగం అన్నిసార్లు). 00 కి 1950, 11 కి 1930, తక్కినవి రెండూ కలిపి 120. ఎంటాంగిల్‌మెంట్‌కి (రెండిటినీ విడివిడిగా వర్ణించలేని క్వాంటం ముడి) ఇంతకన్నా రుజువేం కావాలి? చాలా పాఠాలు ఇక్కడితోనే ఆపుతున్నాయి.

దశాభంగం: చాలదండి. నాణెం ఎగరేసి బొమ్మ పడితే 00, బొరుసు పడితే 11 అని రాసే ప్రోగ్రాంకీ ఇదే హిస్టోగ్రాం వస్తుంది. కొలిచే ముందు రెండు క్యూబిట్లకూ హడమార్డ్ వేసి చూడండి. నిజంగా బెల్ స్థితి (ఈ సర్క్యూట్ తయారుచేయాల్సిన ఎంటాంగిల్ జంట) అయితే మళ్లీ 00, 11 మాత్రమే. నాణెం సరుకైతే నాలుగూ తలా పాతిక శాతం.

జత కుదిరిన షాట్లలోంచి కుదరనివి తీసేసి మొత్తంతో భాగిస్తే మీ జడ్‌జడ్ (నేరుగా కొలిచినప్పుడు రెండు క్యూబిట్ల పొంతన) 0.94. హడమార్డ్ తర్వాత అదే లెక్క ఎక్స్‌ఎక్స్. రెండింటి మొత్తం 1 దాటితే ఎంటాంగిల్ అయినట్టే, విడివిడి స్థితులకు అది దాటదు.

సర్క్యూట్_సూరి: ఎక్స్‌ఎక్స్ తగ్గేది నాయిస్ వల్లే కదా? షాట్లు పెంచితే సరిపోదా?

దశాభంగం: సరిపోదు. షాట్లతో తగ్గేది గణాంక దోషమే, 4000కి సుమారు 0.016. డీకోహెరెన్స్ (పరిసరాల వల్ల క్వాంటం లక్షణం చెదరడం) స్థితినే మార్చేస్తుంది. సిమ్యులేటర్‌లో మూడో క్యూబిట్ పెట్టి, మొదటిది కంట్రోల్‌గా దాని మీద సీనాట్ వేసి, దాన్ని పట్టించుకోకుండా వదిలేయండి. జడ్‌జడ్ 1 దగ్గరే ఉంటుంది, ఎక్స్‌ఎక్స్ 0కి పడిపోతుంది. డీకోహెరెన్స్ కూడా ఎంటాంగిల్‌మెంటే, కాకపోతే మన చేతికందని దానితో. అదే సీనాట్ ఇంకోసారి వేస్తే ఎక్స్‌ఎక్స్ తిరిగొస్తుంది. చిప్పు చుట్టూ ఉన్నవాటితో ముడిపడితే మాత్రం ఆ ముడి విప్పే గేటు మనకు లేదు.

ఇంకోటి: రెండు క్యూబిట్లకూ టీ2 (క్యూబిట్ దశ నిలిచే కాలం) 100 మైక్రోసెకన్లైతే, 50 మైక్రోసెకన్లు ఊరికే ఆగినా ఎక్స్‌ఎక్స్ 0.37కి దిగుతుంది. ఒంటరి క్యూబిట్‌కి 0.61 మిగిలేది. రెండింటి క్షయం కలిసి పడుతుంది మరి.

వెర్నర్_వాది: ఆ మొత్తం 1 దాటలేదని "ఎంటాంగిల్ కాలేదు" అని రాసేయకండి. వెర్నర్ స్థితిలో (1989; బెల్ స్థితికి పూర్తి నాయిస్ కలిపినది) బెల్ వంతు మూడోవంతు దాటితే చాలు, ఎంటాంగిలే. మీ పరీక్ష సగం దాటితేనే పట్టుకుంటుంది. సీహెచ్‌ఎస్‌హెచ్ (బెల్ అసమానత పరీక్ష) అయితే 0.707 దాటాలి. వైవై కూడా కొలవండి: కొలిచే ముందు రెండింటికీ ఎస్-డాగర్ గేటు, ఆ తర్వాత హడమార్డ్. ఈ బెల్ స్థితికి దాని గుర్తు మైనస్. 1 + ఎక్స్‌ఎక్స్ − వైవై + జడ్‌జడ్, మొత్తాన్ని 4తో భాగిస్తే ఫిడెలిటీ (బెల్ స్థితికి ఎంత దగ్గరో చెప్పే అంకె). అది సగం దాటితే చాలు.

దశాభంగం: వైవై సంగతి ఒప్పుకుంటాను. కానీ ముందు రీడౌట్ (క్యూబిట్ విలువ చదివే దశ) చూడండి. ఒక్కో క్యూబిట్ 3 శాతం తప్పు చదివితే అన్ని విలువలూ 0.88 రెట్లవుతాయి. జడ్‌జడ్ నిలిచి ఎక్స్‌ఎక్స్, వైవై కుంగితే అనుమానం డీఫేజింగ్ (దశ చెదరడం) మీద. మూడూ ఒకే మేర కుంగితే ముందు రీడౌట్ చూడండి.

వెర్నర్_వాది: రీడౌట్ సరిదిద్దాకే ఫిడెలిటీ సగం దాటిందనుకోండి. అప్పుడు?

దశాభంగం: రెండు అంకెలూ వేయండి, సరిదిద్దనిది పైన.