లైవ్ అని పేరు పెట్టి స్టూడియోలో దిద్దితే అది లైవేనా? అసలు మేటి ఎవరు?

కాలవగట్టు, భీమవరం:
సూటిగా అడుగుతున్నానండి. ఒకటీ అరా కాదు, వరసపెట్టి మంచి లైవ్ ఆల్బమ్‌లు ఇచ్చినవాళ్ళు ఎవరు? నా లెక్కలో మొదటిది అమెరికా బృందం గ్రేట్‌ఫుల్ డెడ్. 1969లో ‘లైవ్/డెడ్’, 1972లో మూడు ఎల్పీల (పెద్ద గ్రామఫోను రికార్డుల) ‘యూరప్ 72’, ఆ తర్వాత 1993 నుంచి 2005 దాకా ‘డిక్స్ పిక్స్’ పేరుతో 36 సంపుటాలు. రెండోవాడు పియానిస్టు కీత్ జారెట్. మూడో స్థానం మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారికి ఇవ్వాలంటాను. ఒక్కటే షరతు: తర్వాత స్టూడియోలో కూర్చుని అతికించినవి లెక్కలోకి రావు.

శ్రుతిపెట్టె, అమలాపురం:
ఆ షరతు పెడితే మీ మొదటి పేరుకే దెబ్బండి. ‘యూరప్ 72’లో వాద్యాలు చాలావరకు వేదిక మీదవే గానీ గొంతులు చాలావరకు ఇంటికొచ్చాక స్టూడియోలో మళ్ళీ పాడినవి. అదే పర్యటనలోని 22 కచేరీలనూ 2011లో పూర్తిగా విడుదల చేశారు. రెండూ పక్కపక్కన పెట్టి వినండి, తేడా ఎక్కడుందో చెవికే తెలుస్తుంది. రాక్ బృందం థిన్ లిజ్జీ వాళ్ళ 1978 ఆల్బమ్ ‘లైవ్ అండ్ డేంజరస్’ మీదైతే తగువు ఇప్పటికీ తేలలేదు. చాలా భాగం స్టూడియోలోనే మళ్ళీ చేశామని నిర్మాత టోనీ విస్కాంటీ అన్నాడు, అంతేం లేదని బృందం వాళ్ళన్నారు. అతుకు లేనిది కావాలంటే ఇంకో రాక్ బృందం డీప్ పర్పుల్ ‘మేడ్ ఇన్ జపాన్’ వినండి. 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలో, 17న టోక్యోలో తీసిన టేపుల్లోంచి ఏరినవి.

రెండోకాలం, పాలకొల్లు:
అతుకు ఉన్నంత మాత్రాన పక్కన పడేస్తే అమెరికా జాజ్ బృందనాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్‌ని ఏం చేద్దామండీ? 1956 జులైలో న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో ఆయన బృందంలోని పాల్ గొన్సాల్వెస్ శాక్సఫోన్ మీద 27 ఆవృత్తాలు ఏకబిగిని వాయించాడు. కానీ గొన్సాల్వెస్ నిలబడింది ఎల్పీ తీస్తున్న కొలంబియా కంపెనీ మైకు ముందు కాదు, వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో వాళ్ళ మైకు ముందు. అందుకే ఎల్పీలో ఆ వాద్యం దూరంగా, నీరసంగా వినబడుతుంది. పైగా కొన్ని భాగాలు స్టూడియోలో మళ్ళీ వాయించి, చప్పట్లు తెచ్చి కలిపారు. 1999లో రేడియో టేపునీ కంపెనీ టేపునీ జతచేసి రెండు చెవులకీ విడివిడిగా వినిపించేట్టు తెచ్చాకే ఆ రాత్రి ఏం జరిగిందో లోకానికి తెలిసింది. దిద్దటం రెండు రకాలండి. జరగనిది చేర్చటం ఒకటి, జరిగినది వినబడేలా చెయ్యటం ఇంకోటి. రెంటినీ ఒకే గాటన కట్టొద్దు.

శ్రీనివాస్ గారి విషయంలో మాత్రం కాలవగట్టు గారితో ఏకీభవిస్తాను. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి ఆయన వయసు 14. ‘రిమెంబర్ శక్తి’ బృందంతో ‘ద బిలీవర్’ 2000లో, ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ 2001లో వచ్చాయి, రెండూ కచేరీ టేపులే. మామూలు మాండలిన్ మీద మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది, గమకానికి, అంటే స్వరాన్ని ఊపి సాగదియ్యటానికి, చోటుండదు. ఆయన జంట తీగలు తీసేసి ఒంటి తీగలు వేసి, అయిదో తీగ చేర్చి, ఎలక్ట్రిక్ చేసుకున్నారు. రికార్డింగుకు దీనివల్ల ఒక మేలుంది, ఘటం మోత మాండలిన్ లైనులోకి జొరబడదు. ఒక చిక్కూ ఉంది. ఆ లైను ఒక్కటే వింటే పొడిపొడిగా, గది లేని శబ్దంలా ఉంటుంది.

పందిరిమైకు, రావులపాలెం:
చివర్లో అన్నారు చూడండి, అసలు సంగతి అదండి. లైవ్ రికార్డు బాగుపడేదీ చెడిపోయేదీ టేపు ఎక్కణ్ణుంచి తీశారన్న దగ్గరే. మన నవమి పందిట్లో మైకుసెట్టు మిక్సర్ నుంచి వైరు లాగి నేరుగా రికార్డు చేస్తే గాత్రం చెవి పక్కనే ఉంటుంది, మృదంగం ఎక్కడో వీధి చివర మోగినట్టుంటుంది. చిన్న పందిట్లో మృదంగం తనంతట తానే అందరికీ వినబడుతుంది కాబట్టి బాక్సుల్లోకి తక్కువే వదులుతారు. మిక్సర్‌లో తక్కువైంది టేపులోనూ తక్కువే. చప్పట్లు, భళా అన్న మాట అసలే ఉండవు.

అందుకని రెండూ తియ్యాలి, మిక్సర్ లైను ఒకటి, జనంలో మైకుల జత ఒకటి. మైకులు వేదికకు మూడు నాలుగు మీటర్ల దూరంలో, రెండున్నర మీటర్ల ఎత్తులో, స్టాండు ఫ్యాను గాలి తగలని చోట పెట్టండి, నురగ తొడుగు తప్పనిసరి. మన వేసవిలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. మైకులు పది మీటర్ల వెనక్కి వెళ్తే మిక్సర్ లైను కన్నా 29 మిల్లీసెకన్లు ఆలస్యం. సరిచెయ్యకుండా కలిపితే మృదంగం ప్రతి దెబ్బా జంటగా పడి మసకబారుతుంది. మొదట వేదిక మీద ఒక చప్పట కొట్టించి ఆ గుర్తుతో కలపండి, కచేరీ అయ్యాక ఇంకోటి కొట్టించండి. రెండు వేర్వేరు రికార్డర్ల గడియారాలు పది లక్షల్లో ఇరవై వంతులు తేడాగా నడిచినా మూడు గంటలకి సెకనులో అయిదో వంతు జరిగిపోతుంది. మొదట అతికినట్టు ఉన్నది మంగళం దగ్గరికొచ్చేసరికి విడిపోయేది ఇందుకే.

రికార్డింగు స్థాయిని ఆలాపన చూసి పెట్టకండి. కచేరీకి ముందే మృదంగం వారిని ఒక గట్టి ముక్తాయింపు అడిగి, అది మైనస్ 12 డెసిబెల్స్ (పైకప్పు సున్నా) దాటకుండా పెట్టండి. 24 బిట్లలో తీస్తే తక్కువ స్థాయి వల్ల నష్టం లేదు. తనిలో, అంటే మృదంగం ఒంటరిగా మోగే భాగంలో, ఒక్క తీర్మానం (ముగింపు దెబ్బల వరస) పైకప్పు తగిలి పగిలితే మాత్రం తిరిగి రాదు. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు రికార్డర్ ఆగకుండా లోపల బ్యాటరీ ఉండాలి.

గ్రేట్‌ఫుల్ డెడ్‌కి అన్ని ఆల్బమ్‌లు ఎలా వచ్చాయంటారు? ఔజ్లీ స్టాన్లీ, బెటీ కాంటర్ లాంటి సౌండు మనుషులు ఊరూరా కచేరీలు టేపు చేసి పెట్టారు కాబట్టి. మనవాళ్ళకి మనోధర్మం (అప్పటికప్పుడు అల్లే శక్తి) తక్కువై కాదండి, టేపు తక్కువై.

వీణతీగ, కాకినాడ:
పందిరిమైకు గారూ, ఆ చివరి వాక్యానికి నమస్కారం. జారెట్ పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నాను. 1975 జనవరి 24న జర్మనీలోని కొలోన్‌లో కచేరీకి ఆయనకి దొరికింది అరిగిపోయిన చిన్న పియానో, పై స్థాయి పలచన, కింది స్థాయిలో బలం లేదు. అందుకే మధ్యస్థాయిని పట్టుకుని ఎడమచేత్తో ఒకే వరస తిప్పుతూ అంత సేపు నడిపాడు. ఇది స్టూడియోలో పుట్టే సంగీతం కాదు, పియానో మార్చేస్తారుగా. మన కచేరీ రోజూ అలాంటిదే. శంకరగుప్తంలో పుట్టిన బాలమురళి గారు ఒకే రాగాన్ని ఒక సభలో పాడినట్టు ఇంకో సభలో పాడేవారు కాదు. ఎల్పీ ఒక వైపు పట్టేది ఇరవై, పాతిక నిమిషాలు. అందులో ఇరికించడానికి తని కోసేస్తే, నెరవలు (ఒకే పంక్తిని రకరకాలుగా పాడటం) సగంలో ఆపేస్తే అదీ దిద్దుడే కదా? చేర్చినవాటిని వెలివేసి కోసినవాటిని లైవ్ అనుకోవటం నాకు న్యాయంగా లేదు.

కాలవగట్టు, భీమవరం:
నిజమేనండి, కోత సంగతి నేను ఆలోచించలేదు. నా షరతు మార్చుకుంటున్నాను: అట్ట మీద ఏం చేశారో రాసి ఉంటే లెక్కలోకి వస్తుంది, రాయకుండా చేర్చినా కోసినా రాదు. మరి పాత కాసెట్ల హోరు తీసెయ్యటం దిద్దటమేనా?

శ్రుతిపెట్టె, అమలాపురం:
తీసే పద్ధతిని బట్టి ఉంటుంది. హోరు తీసే సాఫ్ట్‌వేర్ కదలకుండా ఒకే తీరున ఉన్న శబ్దాన్నే హోరు అనుకుంటుంది. మన కచేరీలో కదలకుండా ఉండేది ఏది? తంబుర! పాటకీ పాటకీ మధ్యనున్న ముక్కని నమూనాగా ఇస్తే తంబురనే తినేస్తుంది, గాత్రం వెనక నీటి బుడగల్లాంటి చప్పుడు మిగులుతుంది. తంబుర మొదలవ్వకముందు టేపు మీద ఒకటి రెండు సెకన్లు ఖాళీ ఉంటే అదే ఇవ్వండి, 6 డెసిబెల్స్ మించి తగ్గించకండి. కరెంటు హమ్ (తీగల్లోంచి వచ్చే గుయ్ మనే మోత) 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర చాలా సన్నగా కొయ్యాలి. వెడల్పుగా కోస్తే మృదంగం ఎడమవైపు గంభీరనాదం పోతుంది.

వీణతీగ, కాకినాడ:
ఇంకోటి చేర్చండి. ఆ హమ్ 50 దగ్గర ఉండాలి కాబట్టి దాన్ని పట్టుకుని కాసెట్ వేగం సరిచెయ్యమని కొందరు చెప్తారు. పాత రోజుల్లో మన కరెంటు గ్రిడ్డే 48, 52 హెర్ట్జ్ మధ్య ఊగేది, దాన్ని నమ్మితే శ్రుతి తప్పుతుంది. వేగంలో మూడు శాతం తేడా అంటే దాదాపు పావు స్వరం. అదే విద్వాంసులు అదే శ్రుతిలో చేసిన ఇంకో రికార్డుతో పోల్చుకోవటం మేలు. మన తేమకి బూజు పట్టిన కాసెట్ అయితే ముందు తుడిపించండి, నేరుగా వేస్తే ఆ బూజు ప్లేయరులో టేపును చదివే హెడ్డుకి పట్టి తర్వాత వేసిన ప్రతి కాసెట్‌కీ అంటుకుంటుంది.

రెండోకాలం, పాలకొల్లు:
సీ-90 కాసెట్ 45 నిమిషాలకి తిప్పేటప్పుడు పల్లవి మధ్యలో పోయిన ముక్క ఉంటుంది కదండీ, దాన్ని అతికెయ్యాలా, ఖాళీగా వదలాలా?

పందిరిమైకు, రావులపాలెం:
అతకొద్దండి. తాళం లెక్క తప్పుతుంది, వేళ్ళతో వేసుకుంటూ వినేవాళ్ళకి సమం (తాళం మొదలయ్యే దెబ్బ) వచ్చే చోట రాదు. శబ్దాన్ని మెల్లగా దించి, రెండు సెకన్లు ఖాళీ ఉంచి, మళ్ళీ పైకి తెండి. ‘ఇక్కడ టేపు తిప్పారు’ అని అట్ట మీద నిమిషంతో సహా రాయండి.