సొంత బండితో దక్షిణ అమెరికా సరిహద్దులు: దాటినవాళ్ళు చెప్పండి

ఫ్రీమాంట్_శ్రీను:
అందరికీ నమస్కారం. నేనూ మా ఆవిడా కాలిఫోర్నియా నంబరున్న మా కారులోనే అర్జెంటీనా దక్షిణ కొసన ఉన్న ఉషువాయా దాకా వెళ్ళాలని చాలాకాలంగా అనుకుంటున్నాం, ఈసారి బయల్దేరుతున్నాం. పనామాలో యవీసా దగ్గర రోడ్డు ఆగిపోతుంది. అక్కణ్ణుంచి కొలంబియా వైపు సుమారు 100 కిలోమీటర్లు డారియెన్ అడవి, దారి లేదు. కోలోన్ రేవులో కారుని కంటెయినర్‌లోకి ఎక్కించి కార్తహేనాలో దించుకోవాలి. ఇంతవరకు తెలుసు, ఆ తర్వాతే భయం. కార్నే (బండిని తాత్కాలికంగా వేరే దేశానికి తీసుకెళ్ళడానికి ఇచ్చే కస్టమ్స్ పుస్తకం) తీసుకోవాలా? కారు టైటిల్ (యాజమాన్య పత్రం) మా ఆవిడ పేరు మీద ఉంది, నడిపేది ఎక్కువగా నేను, పరవాలేదా? ఏ సరిహద్దు దగ్గర దాటితే మంచిది? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి, దయచేసి.

హ్యూస్టన్_కృష్ణ:
శ్రీను గారూ, ముందు టైటిల్ సంగతి తేల్చుకోండి. మిగతావన్నీ దాని తర్వాతే.

ప్రతి దేశంలోనూ మీకు ముద్ర వేసే కౌంటరు వేరు, కారుకి కాగితం ఇచ్చే కస్టమ్స్ కౌంటరు వేరు. ఆ కాగితాన్ని మనవాళ్ళంతా టీఐపీ అంటారు, తాత్కాలిక దిగుమతి అనుమతి. కొలంబియాలో దియాన్ అనే కస్టమ్స్ శాఖ ఇస్తుంది, పెరూలో సూనాట్ ఇస్తుంది, చిలీ, అర్జెంటీనా, బొలీవియాల్లో అదువానా ఇస్తుంది. రుసుము లేదు. కానీ అది ఎవరి పేరు మీద రాశారో ఆ మనిషే కారుతో బయటికి రావాలి. టైటిల్ మీ ఆవిడ పేరు మీద ఉంటే టీఐపీ కూడా ఆవిడ పేరు మీదే తీసుకోండి, కౌంటరు దగ్గర ఆవిడే నిలబడాలి. మీ పేరు మీద కావాలంటే నోటరీ చేయించిన అధికార పత్రం, దానికి అపోస్టీల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం ఇచ్చే ధృవీకరణ), స్పానిష్ అనువాదం ఉండాలి. రెండు పేర్లతో టైటిల్ మార్పించుకోవడం అన్నిటికన్నా తేలిక. కారు మీద లోన్ ఉంటే బ్యాంకు నుంచి అనుమతి ఉత్తరం కూడా చేతిలో పెట్టుకోండి. పనామాలో ఓడ ఎక్కించే ముందు పోలీసు తనిఖీ ఉంటుంది, చాసిస్ నంబరు మీద ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆపేస్తారు.

ఇంకో ముఖ్యమైన మాట. దేశం విడిచేటప్పుడు మీ పాస్‌పోర్టు మీద ముద్ర పడగానే పని అయిపోయిందనుకోకండి. కారు టీఐపీ రద్దు చేయించి, రద్దయినట్టు ముద్రో కాగితమో చూసుకున్నాకే సరిహద్దు దాటండి. చేయకపోతే వాళ్ళ కంప్యూటర్‌లో మీ కారు ఇంకా లోపలే ఉన్నట్టు లెక్క. మళ్ళీ ఆ దేశానికి వచ్చినప్పుడు జరిమానా, తగాదా. పెరూలో గడువు 90 రోజులు, దాటితే కారు స్వాధీనం చేసుకోవచ్చు.

హిమాలయన్_హరిత:
కార్నే గురించి నేను చెప్తాను, నాది ఆంధ్ర రిజిస్ట్రేషన్ బండి కాబట్టి. దక్షిణ అమెరికాలో కార్నే ఎవరూ అడగరు. టీఐపీతోనే నడిచిపోతుంది. నేను తీసుకున్నది మన వైపు కస్టమ్స్ కోసం. ఇండియా నుంచి బండి బయటికి వెళ్ళిందనీ, అదే బండి తిరిగి వచ్చిందనీ చూపించడానికి ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ దగ్గర కార్నే తీసుకున్నాను. అమెరికా నంబరు కారుకి ఆ బాధ లేదు శ్రీను గారూ.

ఇండియా నుంచి బండి తీసుకెళ్ళాలనుకునేవాళ్ళకి మాత్రం రెండు మూడు మాటలు. మన ఆర్సీ స్మార్ట్ కార్డు మీద చాసిస్, ఇంజన్ నంబర్లు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి. అక్కడి గుమస్తా కళ్ళజోడు పైకెత్తి చూస్తాడు, తర్వాత తప్పు కొడతాడు. ఆర్టీఓ ఆఫీసులో ఆర్సీ పర్టిక్యులర్స్ కాగితం తీయించి, దానికి స్పానిష్ అనువాదం చేయించి పెట్టుకోండి. నంబర్లు పెద్దగా రాసిన కాగితం ఒకటి విడిగా ఇస్తే ఇంకా మంచిది. అంతర్జాతీయ లైసెన్సు ఒక్క ఏడాదే చెల్లుతుంది, బయట ఉండగా అయిపోతే మన ఎంబసీ ద్వారా కొత్తది తీసుకోవచ్చు.

యెల్లో ఫీవర్ టీకా మరిచిపోకండి. బొలీవియా, బ్రెజిల్, పెరూ, కొలంబియా లాంటి చోట్ల నుంచి ఇండియాకి తిరిగొచ్చేటప్పుడు సర్టిఫికెట్ లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే అది చెల్లుతుంది. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు.

ఫ్రీమాంట్_శ్రీను:
కృష్ణ గారూ, హరిత గారూ, చాలా చాలా థాంక్స్. ఇంకో చిక్కు ఉంది. పాస్‌పోర్టులో మా ఆవిడ పేరు పూర్తిగా ఉంది, వెంకట అనీ లక్ష్మి అనీ అన్నీ కలిపి. డీఎంవీ (కాలిఫోర్నియాలో వాహనాల శాఖ) వాళ్ళ టైటిల్ మీద సగంలో తెగిపోయింది. ఇదేమైనా సమస్యా?

హ్యూస్టన్_కృష్ణ:
సమస్యే. వాళ్ళు టీఐపీ మీద పాస్‌పోర్టు చూసి పేరు కొడతారు, పక్కన టైటిల్ పెట్టుకుని పోలుస్తారు. అక్కడ ఒక్కొక్కరికి రెండు ఇంటిపేర్లు ఉంటాయి, మన పేరులో ఏది ఎక్కడ కొట్టాలో వాళ్ళకి తెలియదు. నా ముందు నిలబడ్డ గుంటూరాయన టీఐపీలో ఇంటిపేరు పేరుగానూ, పేరు ఇంటిపేరుగానూ పడింది. ఆయన అక్కడికక్కడే చదివి దిద్దించుకున్నాడు. ఇంకో పది కిలోమీటర్లు వెళ్ళాక చూసుకుని ఉంటే మళ్ళీ వెనక్కి రావాల్సిందే. కౌంటరు వదలకముందే పేరు, పాస్‌పోర్టు నంబరు, నంబరు ప్లేటు, చాసిస్ నంబరు, గడువు తేదీ ఈ అయిదూ వేలు పెట్టి చదవండి. వెనక లైను పెరుగుతోందని మొహమాట పడొద్దు.

దారి విషయం. కొలంబియా నుంచి ఈక్వడార్‌కి రూమిచాకా వంతెన మీదుగానే అందరూ వెళ్తారు, ఇపియాలెస్ నుంచి తుల్కాన్‌కి. పొద్దున్నే వెళ్ళండి. దగ్గర్లోనే లాస్ లాహాస్ చర్చి, లోయ మీద వంతెనలా కట్టారు, ముందు రోజే చూసేసి ఇపియాలెస్‌లో పడుకుంటే మంచిది. ఈక్వడార్‌లో 2000 నుంచి అమెరికా డాలరే చెల్లుతుంది, కాబట్టి మిగిలిన కొలంబియా పెసోలు వంతెన దాటకముందే వదిలించుకోండి. అక్కడి నుంచి పెరూకి చాలామంది తీరం పక్కన వాకియాస్ వైపు పోతారు. నేను లోహా మీదుగా మకరా వెళ్ళి లా తీనా దగ్గర దాటమంటాను, కానీ ఆ దారి తెరిచి ఉందో లేదో ముందు కనుక్కోండి. రద్దీ తక్కువ, గుమస్తాకి మీ కాగితాలు చూసే తీరిక ఉంటుంది. పెరూలో అడుగుపెట్టగానే సోవాట్ అనే వాహన బీమా కొనండి, దారిలో పోలీసులు మొదట అడిగేది అదే.

ఓరుగల్లు_పోరడు:
శ్రీనన్నా, బొలీవియా గురించి నేను జెప్త. పెరూల పూనో దాటినంక రెండు తొవ్వలున్నయ్. దెసాగ్వాదెరో దిక్కు పోతే లారీలు, సంత, జనం, ఇరుకు. కసానీ దిక్కు పోయి కోపకబానల దిగు. నిమ్మలంగ అయితది. అక్కడికెళ్ళి లాపాజ్ పోవాలంటే తికీనా దగ్గర కార్లను కర్ర తెప్పల మీద ఎక్కించి సరస్సు దాటిస్తరు. తిత్తికాకా నీళ్ళు, మీద మన కారు ఊగుతుంటే జర భయమైతది గానీ రోజూ బస్సులను గూడ దాటిస్తరు వాళ్ళు.

బొలీవియా గడియారం పెరూ కంటే గంట ముందుంటది. పెరూల నాలుగయ్యిందని నిమ్మలంగ పోతే అవతల అయిదు. కసానీ రాత్రంత ఉండే ఆఫీసు కాదు, పొద్దటిపూటే పోవాలె. బండి కోసం బొలీవియా కస్టమ్సోళ్ళ సివెటూర్ ఫారం ముందుగాల ఆన్‌లైన్‌ల నింపి నంబరు రాసుకపో, కస్టమ్సోళ్ళు దాన్ని చూసే కాగితం గుద్దుతరు.

ఇంకోటన్నా, అక్కడ రోడ్లు బందువెట్టుడు మామూలే, బ్లొకేయో అంటరు. 2023ల పూనో దిక్కు గొడవలైనప్పుడు దెసాగ్వాదెరో వారాలకు వారాలు మూతవడ్డది. టీఐపీ గడువు ఆఖరి రోజుదాక ఆగకు. కనీసం వారం చేతిల వెట్టుకొని బయటపడాలె. పెట్రోలుకు గూడ శాన తిప్పలైంది ఈమధ్య యేండ్లల్ల, బంకుల కాడ లైన్లు. పెరూల ట్యాంకు నింపుకొనే పో.

హిమాలయన్_హరిత:
తమ్ముడు చెప్పిన గడువు మాట బంగారం. నేను ఒక రేవులో బండి విడిపించుకోవడానికి ఏజెంటు చెప్పిన రోజుల కన్నా చాలా ఎక్కువ పట్టింది, చెప్పని రుసుములు కూడా పడ్డాయి. ఆ రోజులన్నీ వీసా గడువులో కోత. ఏజెంటుకి డబ్బు కట్టేముందు రేవు ఖర్చులు, కంటెయినర్ ఖాళీ చేసే ఖర్చు, తనిఖీ ఖర్చు విడివిడిగా కాగితం మీద రాయించుకోండి.

శాంటియాగో_సుబ్బు:
నేను చిలీలో ఉద్యోగం చేస్తున్నాను, సెలవు దొరికితే ఆండీస్ దాటి అర్జెంటీనాలోని మెండోసా వెళ్తుంటాను. చిలీలోకి వచ్చేవాళ్ళందరూ వినాల్సింది ఒక్కటే: సాగ్. వ్యవసాయ తనిఖీ శాఖ. ఈ దేశానికి పండ్ల ఎగుమతి పెద్ద ఆదాయం, పురుగు ఒక్కటి లోపలికి వస్తే రైతుకి ఎంత నష్టమో వాళ్ళకి తెలుసు, అందుకే అంత పట్టుదల. పెరూ నుంచి తాక్నా దాటి చకయూతా దగ్గర అరీకాలోకి వచ్చేటప్పుడు కారులో ఉన్న సామానంతా దించి స్కానర్‌లో వేస్తారు. కుక్కలు కూడా వాసన చూస్తాయి.

మనవాళ్ళ కారులో ఏముంటాయో నాకు తెలుసు కదా. కందిపప్పు, ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, చింతపండు, కరివేపాకు, ఇంటి నెయ్యి, ఆవకాయ. ఆవాలు, మెంతులు వాళ్ళ కంటికి విత్తనాలే. ఆకులు, పచ్చి కూరగాయలు, పండ్లు, తేనె, ఇంటి పాలపదార్థాలు అసలు వద్దు, సరిహద్దు ముందు వండుకుని తినేయండి. మిగతావి దాచొద్దు. ప్రమాణ పత్రంలో ఆహార పదార్థాలు ఉన్నాయి అని గీత పెట్టి, డబ్బా చూపించండి. చూపించినదాన్ని తీసుకుంటే తీసుకుంటారు, జరిమానా ఉండదు. దాచి దొరికితే జరిమానా గట్టిగా పడుతుంది. సీలు వేసిన ప్యాకెట్లు, పొడులు చాలామందికి వదిలేయడం చూశాను, కానీ నిర్ణయం ఆ అధికారిదే. అమ్మ పెట్టిన ఆవకాయ పోగొట్టుకోకూడదంటే పెరూలోనే అవగొట్టండి. చిలీ దుకాణాల్లో పప్పు, బియ్యం, మిరపపొడి అన్నీ దొరుకుతాయి.

చకయూతాలో కారుతో వెళ్ళేవాళ్ళు ప్రయాణికుల పట్టీ అనే ఫారం కూడా నింపాలి, కొన్ని ప్రతులు కావాలి, తాక్నాలోనే తీసుకుని నింపి వెళ్ళండి. విదేశీ కార్లకి సోవాపెక్స్ అనే బీమా ఉంది, ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు.

ఫ్రీమాంట్_శ్రీను:
సుబ్బు గారూ, మా ఆవిడ మీ పోస్టు చదివి ఆవాల డబ్బా లిస్టులోంచి కొట్టేసింది. చిలీ నుంచి అర్జెంటీనాకి ఎక్కడ దాటమంటారు? మేము జూలైలో శాన్ పెద్రో దె అతకామాలో ఉంటాం.

శాంటియాగో_సుబ్బు:
జూలై అంటే ఇక్కడ నడి చలికాలం. శాంటియాగో నుంచి మెండోసా వెళ్ళే దారిలో లాస్ లిబెర్తదోరెస్ కనుమలో సుమారు 3,200 మీటర్ల ఎత్తున సొరంగం ఉంది, మంచు పడితే రోజుల తరబడి మూసేస్తారు. మీరు శాన్ పెద్రోలో ఉంటారు కాబట్టి హామా కనుమ మీదుగా హుహుయ్ వెళ్ళండి. అదీ 4,200 మీటర్లు, అదీ మూస్తారు, కాబట్టి బయల్దేరే రోజు పొద్దున కనుమ తెరిచి ఉందో లేదో ప్రభుత్వ పేజీలో చూసే వెళ్ళండి. శాన్ పెద్రోలో ట్యాంకు నింపండి, తర్వాత బంకు హామా సరిహద్దు దగ్గరే. చిలీ, అర్జెంటీనా రెండిటి కౌంటర్లూ అర్జెంటీనా వైపు ఒకే భవనంలో ఉంటాయి. లిబెర్తదోరెస్‌లో మాత్రం ఏ దేశంలోకి వెళ్తున్నారో ఆ దేశంలోనే రెండు పనులూ.

ఉషువాయా సంగతి తెలుసా? అది అర్జెంటీనాలోనే ఉన్నా, రోడ్డు మీద వెళ్ళాలంటే మధ్యలో చిలీ దాటాలి. రియో గయేగోస్ తర్వాత చిలీలోకి, మెజెల్లన్ జలసంధి ఫెర్రీ, సాన్ సెబాస్తియాన్ దగ్గర మళ్ళీ అర్జెంటీనాలోకి. తిరుగు దారిలో మళ్ళీ అంతే. ప్రతిసారీ కొత్త టీఐపీ, ప్రతిసారీ సాగ్ తనిఖీ. అర్జెంటీనా మామూలుగా కారుకి 8 నెలలు ఇస్తుంది, మనిషికి 90 రోజులే. రెండు తేదీలూ విడిగా రాసిపెట్టుకోండి. కారు ఎక్కువకాలం వదిలి ఇంటికెళ్ళి రావాలనుకుంటే ఉరుగ్వేలో 12 నెలలు ఇస్తారు, చాలామంది అక్కడే పెట్టి వెళ్తారు.

గయానా_లక్ష్మి:
అందరూ పడమటి వైపే రాస్తున్నారు, తూర్పు వైపు నేను రాస్తాను. బ్రెజిల్‌లో బొన్‌ఫిమ్ నుంచి గయానాలో లెతెమ్‌కి తకుతు నది మీద వంతెన. బ్రెజిల్‌లో కుడివైపు నడుపుతారు, గయానాలో మనలాగే ఎడమవైపు. అందుకే వంతెన దిగేచోట రోడ్లు ఒకదాని మీదుగా ఒకటి దాటి వైపు మార్చేస్తాయి. లెతెమ్ నుంచి జార్జ్‌టౌన్ వైపు దారిలో చాలాభాగం ఎర్రమట్టి, వానాకాలంలో కష్టం. అక్కడి నుంచి సురినామ్‌కి ఫెర్రీ, అక్కడా ఎడమవైపే. ఫ్రెంచ్ గయానాలో మళ్ళీ కుడివైపు, అది ఫ్రాన్స్ కాబట్టి కాగితాలూ బీమా యూరప్ లెక్క.

ఇక్కడికి ఆ కాలంలో మద్రాసు రేవు నుంచి ఓడల్లో వచ్చిన కూలీల్లో తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. మారియమ్మ గుళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. సొంత కారుతో వచ్చిన తెలుగువాళ్ళని నేనింకా చూడలేదు, వస్తే మా ఇంట్లోనే భోజనం.

ఓరుగల్లు_పోరడు:
లక్ష్మక్కా, నేనొస్త. బండి బ్రెజిల్ దాక రానియ్.

ఫ్రీమాంట్_శ్రీను:
అందరికీ ఎన్ని సార్లు చెప్పినా చాలదు, థాంక్స్. దారి ఖాయం: కార్తహేనా, రూమిచాకా, మకరా, కసానీ, మళ్ళీ పెరూలోకి వచ్చి తాక్నా, చకయూతా, హామా. టైటిల్‌కి నా పేరు కూడా చేర్పించి, పూర్తి పేరు దిద్దించడానికి డీఎంవీ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఒకటే ప్రశ్న, కొత్త టైటిల్ రావడం ఆలస్యమైతే అధికార పత్రంతో బయల్దేరవచ్చా?

హ్యూస్టన్_కృష్ణ:
వెళ్ళవచ్చు. కాలిఫోర్నియాలో నోటరీ చేయించి, శాక్రమెంటోలో సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో అపోస్టీల్ వేయించండి. మీ దారిలో ఉన్న దేశాలన్నీ దాన్ని ఒప్పుకుంటాయి. అందులో కారు చాసిస్ నంబరు, నంబరు ప్లేటు, మీ పాస్‌పోర్టు నంబరు తప్పక ఉండాలి, దేశాల పేర్లు కూడా ఒక్కొక్కటిగా రాయించండి. అసలు ప్రతులు రెండు చేయించి, ఒకటి కారులో, ఒకటి మీ సంచిలో. అది చేతిలో ఉన్నా మొదటి టీఐపీ మాత్రం మీ ఆవిడ పేరు మీదే అడగండి.