‘ది హైవేమన్’ కవితలో టిమ్ ద్రోహం ఏ చరణంలో ఉంది?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

అందరికీ నమస్కారం. మా అక్క కూతురు ఇక్కడే డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతోంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు కావడంతో కవిత్వం దగ్గరికి వచ్చేసరికి గైడు మీద ఆధారపడడం అలవాటైపోయింది. అది మాన్పించాలని ఆల్‌ఫ్రెడ్ నోయెస్ రాసిన ‘ది హైవేమన్’ను ఇద్దరం కలిసి చదువుతున్నాం.

కథ తెలిసింది. ఒక దారిదోపిడీ దొంగ రాత్రివేళ సత్రానికి వచ్చి, యజమాని కూతురు బెస్‌ను కలిసి, తెల్లవారేలోగా బంగారంతో వస్తానని, తనను వెంటాడితే మాత్రం మర్నాడు వెన్నెల్లో నరకం అడ్డొచ్చినా వస్తానని మాట ఇస్తాడు. మర్నాడు సాయంత్రం రాజు సైనికులు వచ్చి బెస్‌ను మంచానికి కట్టేసి, ఆమె గుండెకు తగిలేలా ఒక తుపాకీ కూడా కట్టి, కిటికీ దగ్గర కాపు కాస్తారు. గుర్రపు డెక్కల చప్పుడు దగ్గరకు రాగానే ఆమె ఆ తుపాకీ పేల్చుకుని తన చావుతో అతన్ని హెచ్చరిస్తుంది.

మా సందేహాలు రెండు. గుర్రాలశాలలో పనిచేసే టిమ్ సైనికులకు కబురు చేరవేశాడని గైడులో ఉంది, కాని ఆ మాట కవితలో ఎంత వెదికినా దొరకలేదు. రెండవది, అతను మర్నాడే తిరిగి వచ్చి సైనికుల తూటాలకు పడిపోతే బెస్ చేసిన త్యాగం వృథా కాదా? దయచేసి తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (రాయగడ నుంచి)

అమ్మా, మీరు వెదికినా దొరకకపోవడం సహజమే, ఎందుకంటే ఆ మాట కవితలో లేదు. టిమ్ మొదటి భాగంలో ఒకే ఒక చరణంలో కనిపిస్తాడు. పాలిపోయిన ముఖం, పిచ్చి నిండిన గుంట కళ్ళు, బూజు పట్టిన ఎండుగడ్డి లాంటి జుట్టు, ఆపైన అతనికీ బెస్ మీద ప్రేమ ఉందన్న ఒక్క వాక్యం: ఇవి చెప్పి, నోరులేని కుక్కలా అతను వింటున్నాడని కవి అంటాడు. వెంటనే వచ్చే చరణం దొంగ ఇచ్చిన మాట. అంటే మనం ఆ మాటను టిమ్ చెవులతోనే వింటున్నాం. ఆ తరువాత టిమ్ మళ్ళీ కనిపించడు. రెండవ భాగంలో సంధ్యవేళ, చంద్రోదయానికి ముందు, ఎర్రకోటుల దళం నేరుగా ఆ సత్రానికే వచ్చి, యజమానితో ఒక్క మాటైనా అనకుండా అతని మద్యం తాగి, అతని కూతురి నోరు కట్టేస్తుంది. ఎవరిని కట్టేయాలో, ఏ కిటికీ దగ్గర కూర్చోవాలో వాళ్ళకు ముందే తెలుసు. ఎలా తెలిసిందో ఊహించుకునే పని కవి పాఠకునికి వదిలాడు.

మన గురజాడ కూడా పూర్ణమ్మ దుర్గలో కలిసిందంటాడే తప్ప, చెరువులో ప్రాణం తీసుకుందని ఎక్కడా విప్పి చెప్పడు. చెప్పకపోవడం వల్లనే ఆ ముగింపు మనల్ని అంతగా పట్టుకుంటుంది. నోయెస్ టిమ్ విషయంలో చేసినదీ అదే. గైడులు ఈ ఖాళీని పూరించి, పూరించామని చెప్పకపోవడమే నాకు బాధ కలిగించే విషయం.

మరొకటి గమనించండి. టిమ్‌కు వాడిన ఆ కుక్క పోలికనే చివర దొంగ చావుకూ వాడాడు. నడిరోడ్డు మీద అతన్ని కుక్కను కాల్చినట్టు కాల్చేశారంటాడు. మఖమల్ కోటు, గొంతు దగ్గర లేసు కుచ్చు ఉన్న మనిషికీ, ఎవరూ కన్నెత్తి చూడని పనివాడికీ కవి ఇచ్చిన పోలిక ఒక్కటే.

జవాబు 2 (జయపురం నుంచి)

చారిత్రక నేపథ్యం గురించి కొంచెం చెబుతాను. ఈ కవిత 1906లో ‘బ్లాక్‌వుడ్స్’ పత్రికలో వచ్చింది. అప్పటికి నోయెస్‌కు పాతికేళ్ళు. ఇంగ్లండులో సర్రే ప్రాంతంలోని బాగ్‌షాట్ హీత్ అనే బీడు అంచున ఉంటున్నప్పుడు రాశాడు. ఒకప్పుడు ఆ బీడు దారిదోపిడీలకు పేరుమోసిన చోటు. సైనికులు జార్జి రాజు మనుషులని కవితలో ఉంది కాని ఏ జార్జో లేదు. 1714 నుంచి 1830 దాకా వరుసగా నలుగురు జార్జిలు ఏలారు కాబట్టి పద్దెనిమిదో శతాబ్దం అనుకుంటే సరిపోతుంది.

నిజమైన దారిదొంగలు ఇంత అందంగా ఉండేవారు కారు. 1739లో యార్క్‌లో ఉరితీసిన డిక్ టర్పిన్ కసాయి వృత్తి నేర్చినవాడు, ఇళ్ళలో చొరబడి ముసలివాళ్ళను హింసించిన ముఠాలో తిరిగినవాడు, చివరకు ఉరికంబం ఎక్కింది గుర్రాల దొంగతనానికి. నోయెస్ మాత్రం ఆ చరిత్ర జోలికి పోకుండా జానపద గాథల్లోని దొంగను తీసుకున్నాడు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. టిమ్ సంగతి ఇప్పుడు స్పష్టమైంది. రెండవ సందేహం మాత్రం అలాగే ఉంది. మా అమ్మాయి ఇంకొక అడుగు ముందుకు వేసి, అంత తెలివైన పిల్ల చావుకు విలువ లేకుండా చేసినవాడు వీరుడెలా అవుతాడని గట్టిగా అడుగుతోంది.

జవాబు 3 (బరంపురం నుంచి)

ఆమె ప్రశ్న న్యాయమైనది, దాన్ని తోసిపుచ్చకండి. అయితే కవితలో వీరత్వం ఎవరిదో చూడమనండి. రెండవ భాగంలో ఎక్కువ చరణాలు ఆ గదిలోనే గడుస్తాయి. వెనక్కి కట్టిన చేతులను బెస్ మెలితిప్పుతూనే ఉంటుంది. వేళ్ళు తడిసింది చెమటతోనో రక్తంతోనో తెలియదు. గంటలు సంవత్సరాల్లా గడిచి, సరిగ్గా అర్ధరాత్రి ఒక వేలి కొస తుపాకీ మీటకు తగులుతుంది. ఆ క్షణం నుంచి ఆమె పెనుగులాట ఆపేస్తుంది. కట్లు విప్పుకోవాలని కాదు, ఆ మీట అందితే చాలునని నిశ్చయించుకుంది. తన చావును తానే ఎంచుకున్న ఒకే ఒక్క పాత్ర ఆమె.

ఇక అతని సంగతి. తుపాకీ మోత వినగానే అతను పడమటి వైపు పారిపోతాడు. పేలింది ఎవరి మీదో తెలియదు. తెల్లవారాక తెలుస్తుంది. తెలిశాక బతకడానికి ఇష్టపడక, కత్తి దూసి, ఆకాశాన్ని శపిస్తూ వెనక్కి వస్తాడు. బెస్ అతనికి ఇచ్చినది ఒక రాత్రి ఆయువు. దాన్ని దాచుకోవడమో వదులుకోవడమో అతని చేతిలో ఉంది, అతను వదులుకున్నాడు. అది ప్రేమా, తెలివితక్కువతనమా అని కవి తీర్పు చెప్పడు. నా మటుకు నాకు ఆ తిరిగి రావడంలో ప్రేమ కంటే తట్టుకోలేనితనమే ఎక్కువ కనిపిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది వేళ. వెన్నెల్లో వస్తానన్నవాడు పడిపోయింది మిట్టమధ్యాహ్నపు బంగారు ఎండలో. బతికి ఉండగా ఇచ్చిన మాట బతికి ఉండగా తీరలేదు. అందుకే చివరి రెండు చరణాలు అవసరమయ్యాయి. అక్కడ మొదటి చరణమే దాదాపుగా తిరిగి వస్తుంది, కాని మొదట భూతకాలంలో ఉన్నది ఇప్పుడు వర్తమానంలోకి మారుతుంది. చలికాలపు రాత్రుల్లో అతను ఇప్పటికీ వస్తాడని, తలుపులు బిగించి ఉన్న సత్రం ముందు ఈల వేస్తాడని, బెస్ జడలో ఎర్ర రిబ్బను ముడి అల్లుకుంటూ ఉంటుందని జనం చెప్పుకుంటారు. మాట తీరింది, కాని దయ్యాలుగా. బెస్ త్యాగం వృథా అయిందో లేదో ఈ ముగింపును దగ్గర పెట్టుకుని వాదించాలి.

ఒక్క సూచన. రెండవ భాగాన్ని పైకి చదివించండి. మన జముకుల కథలో వంతగాళ్ళు చివరి మాటను అందుకున్నట్టుగా, ఈ కవితలో ప్రతి చరణంలోని చిన్న పాదాలు ముందున్న మాటను మళ్ళీ పట్టుకుంటాయి. గుర్రపు డెక్కల ‘ట్లాట్-ట్లాట్’ మాత్రం చరణం మొదట్లోని పొడవు పాదాల్లో మళ్ళీ మళ్ళీ మోగుతుంది. కళ్ళతో చదివితే ఆ తిరిగి చెప్పడం విసుగనిపిస్తుంది, చెవితో వింటే మాత్రం గుర్రం దగ్గరవుతున్న కొద్దీ బెస్‌కు మిగిలిన సమయం తగ్గిపోవడం తెలుస్తుంది.

పరీక్షలో టిమ్ గురించి రాసేటప్పుడు అతను పట్టించాడని తేల్చి రాయకుండా, పట్టించినట్టు సూచన ఉందని రాసి, అతను విన్న చరణాన్నీ సైనికులు వచ్చిన చరణాన్నీ పక్కపక్కన చూపించమనండి. గైడులో లేని జవాబు అవుతుంది.