అంగడి పాలసీలో బర్గ్‌లరీ అని ఉంది, మరి రాబరీ?

గాంధీరోడ్_అంగడి (తిరుపతి):
ఇత్తడి సామాన్ల అంగడికి ఇన్సూరెన్స్ తీసుకుందామని చూస్తున్నా. ఏజెంటు ఇచ్చిన కాగితంలో బర్గ్‌లరీ అని ఒకటి, మనీ పాలసీ అని ఇంకోటి ఉన్నాయి. పేపర్లో చూస్తే తాళం పగలగొట్టినా దోపిడీయే, కత్తి చూపించి లాక్కున్నా దోపిడీయే. అసలు తేడా ఏంది? ఏమన్నా జరిగితే కంప్లయింటులో ఏమని రాయాలన్నా?

చిత్తూరు_వకీలు:
రాబరీకి ఎదురుగా మనిషి ఉండాలి. భారతీయ న్యాయ సంహిత 309 ప్రకారం దొంగతనం కోసం గానీ, సొత్తు ఎత్తుకుపోవడానికి గానీ మనిషిని గాయపరిచినా, కదలనీకుండా అడ్డుకున్నా, అప్పటికప్పుడు ఏదో చేస్తామని భయపెట్టినా రాబరీ. 10 ఏళ్ల దాకా కఠిన శిక్ష. చంద్రగిరి దగ్గర హైవేలో పొద్దుగూకినాక చేస్తే 14 ఏళ్ల దాకా. ఐదుగురు గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ కలిసి చేస్తే బందిపోటు, సెక్షన్ 310.

బర్గ్‌లరీ పేరుతో మనకు సెక్షనే లేదు. రాత్రి షట్టరు పగలగొట్టి చోరీ చేస్తే హౌస్ బ్రేకింగ్ కింద 331(4), దాంతోపాటు 305 పెడతారు. 2024 జులై 1కి ముందు జరిగినవాటికి పాత చట్టం ఐపీసీలోని 457, 380.

ఒకటి ఇంకోటిగా మారడమూ ఉంది. దొంగ మిద్దె మీంచి దిగాడు, లోపల పడుకున్న పనివాడు లేచాడు. సొత్తుతో బయటపడేందుకు వాణ్ణి కొడితే రాబరీ. సొత్తు అక్కడే పారేసి, తప్పించుకోవడానికి మాత్రమే నెట్టేస్తే రాబరీ కాదు. కంప్లయింటులో ఈ వరుస తప్పితే సెక్షనే మారిపోతుంది.

క్లెయిమ్_సర్వేయర్:
పాలసీ లెక్క వేరండి. బర్గ్‌లరీ పాలసీల్లో సాధారణంగా బలప్రయోగంతో లోపలికి రావడమో, బయటికి పోవడమో జరిగుండాలి. ఆ షరతు ఉంటే ఉత్తి దొంగతనానికి డబ్బు రాదని హర్‌చంద్ రాయ్ చందన్ లాల్ కేసులో 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. దొంగతనానికి మారుతాళంతో తెరిచినా చట్టం దృష్టిలో హౌస్ బ్రేకింగే. పాలసీలో మాత్రం బలప్రయోగం లేదని అక్కడే క్లెయిమ్ పోతుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

అందుకే తెగిన తాళం, వంగిన గడియ, షట్టరు అంచున గడ్డపార పెట్టి లేపిన గీత, ఇవే మీ సాక్ష్యం. పోలీసుల క్లూస్ టీం (ఆధారాలు సేకరించేవాళ్లు) వచ్చిపోయేదాకా ముట్టుకోవద్దు. ఫొటోలు తీయకుండా కొత్త తాళం బిగించొద్దు. కంపెనీకి అదేరోజు రాతపూర్వకంగా తెలపండి. స్టాకు రిజిస్టరు, జీఎస్టీ కొనుగోలు బిల్లుల నకళ్లు అంగట్లో కాకుండా ఇంట్లో పెట్టుకోండి.

ఇనప్పెట్టె తాళంచెవి రాత్రి గల్లాలో వదలొద్దు. ఆ చెవితో తెరిస్తే, దాన్ని కొట్టో బెదిరించో లాక్కునుంటే తప్ప కంపెనీ డబ్బివ్వదని చాలా పాలసీల్లో ఉంటుంది.

గాంధీరోడ్_అంగడి:
పట్టపగలు గల్లా దగ్గర కత్తి చూపించి డబ్బు తీసుకుపోతే?

క్లెయిమ్_సర్వేయర్:
బర్గ్‌లరీ పాలసీ నగదుకు వర్తించకపోవచ్చు. మనీ పాలసీలో గల్లా నగదు, బ్యాంకుకు తీసుకెళ్లే నగదు విడివిడిగా, ఒక్కోదానికి ఎంత మొత్తమో రాసుందా చూడండి. ఏజెంటు నోటిమాట చాలదు, పాలసీ షెడ్యూలులో (దేనికి ఎంత కవరో రాసుండే పేజీలో) ఉండాలి.

చిత్తూరు_వకీలు:
కంప్లయింటులో బర్గ్‌లరీ, రాబరీ అని మీరు పేరు పెట్టొద్దు. ఎన్ని గంటలకు మూశారు, ఎప్పుడు చూశారు, ఎటునుంచి వచ్చారు, ఏది పగిలింది, ఎవరైనా ఎదురుపడ్డారా, ఏమన్నారు, ఏం పోయింది అని వరుసగా రాయండి. సెక్షను పోలీసులు పెడతారు. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. అక్కడే చదవండి. షట్టరు పగిలిన సంగతి అందులో లేకపోతే, అదేరోజు రాతపూర్వకంగా అదనపు స్టేట్‌మెంటు ఇచ్చి రసీదు తీసుకోండి.